నీడలో ఉన్నదెంత, మనం నింపినదెంత?

తక్కువ వెలుతురులో తీసిన ఫొటోలకు మెరుగులు దిద్దేటప్పుడు ఎక్కడ ఆగాలో భౌతికశాస్త్రమే చెబుతుంది. అండమాన్ దీవులు ఆ పాఠానికి మంచి తరగతి గది.

అండమాన్ నికోబార్ దీవుల్లో పొద్దు తొందరగా వాలుతుంది. దేశమంతటికీ ఒకటే గడియారం. అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్‌గా పిలిచిన శ్రీ విజయపురం 93 డిగ్రీలకు కాస్త ఇవతల ఉంది. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ లెక్కన అక్కడి సూర్యుడు మన గడియారం కంటే సుమారు 40 నిమిషాలు ముందుంటాడు. నవంబరు, డిసెంబరు నెలల్లో సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే సూర్యాస్తమయం. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న చోటు కాబట్టి మునిమాపు వెలుగు కూడా ఎంతోసేపు నిలవదు.

అందుకే ఈ దీవుల ఫొటోల్లో చీకటి పాలు ఎక్కువ. పగలు తీసినవైనా దట్టమైన అడవి కింద, మడ చెట్ల మధ్య కాలువల్లో, బారాటాంగ్ సున్నపురాతి గుహల్లో, సెల్యులార్ జైలు గదుల్లో తీసినవి చాలా ఉంటాయి. ఫోన్‌లోకి చూస్తే సగం బొమ్మ నల్లగా కనిపిస్తుంది. అప్పుడు వేలు దానంతటదే ఎడిటింగ్ యాప్‌లోని 'షాడోస్' మీటమీదికి వెళుతుంది. దాన్ని కుడివైపు జరిపితే నలుపులోంచి ఆకులు, బండలు, మొహాలు బయటికి వస్తాయి. చూసేవారికి అదొక ఇంద్రజాలం.

ఆ మీటను జరపడం తప్పా, ఒప్పా అన్న వాదన ఫొటోగ్రాఫర్లలో ఎప్పటినుంచో ఉంది. ఎడిటింగ్ అంటేనే మోసమని ఒక వర్గం అంటుంది. చూడటానికి బాగుంటే చాలని మరో వర్గం అంటుంది. రెండూ అసలు ప్రశ్నను పక్కన పెడుతున్నాయి. నీడలోంచి బయటికి వచ్చిన వివరం నిజంగా కెమెరా కొలిచిందా, లేక సాఫ్ట్‌వేర్ ఊహించిందా అన్నదే తేల్చాల్సిన విషయం. కొలిచినదాన్ని తేల్చి చూపించడంలో తప్పు లేదు. కొన్ని సందర్భాల్లో అదే సరైన పద్ధతి కూడా. ఊహించినదాన్ని కొలతగా చెలామణి చేయడమే అభ్యంతరకరం.

చినుకుల లెక్క

ఈ తేడా అర్థం కావాలంటే కెమెరా సెన్సర్ ఏం చేస్తుందో చూడాలి. వాకిట్లో వరసగా వందల గిన్నెలు పేర్చినట్టు ఊహించుకుందాం. కుండపోత కురిస్తే అన్ని గిన్నెల్లోనూ ఇంచుమించు ఒకే ఎత్తున నీళ్లు నిలుస్తాయి. నాలుగు తుంపర్లు పడి ఆగిపోతే మాత్రం ఒక గిన్నెలో మూడు చినుకులు, పక్కదాంట్లో ఏడు, ఆ పక్కదాంట్లో ఒక్కటీ ఉండకపోవచ్చు. వాన అన్నిచోట్లా ఒకేలా కురిసింది; అయినా గిన్నెల లెక్క మాత్రం హెచ్చుతగ్గులుగా వచ్చింది.

సెన్సర్‌లోని ఒక్కో పిక్సెల్ ఒక్కో గిన్నె. కాంతి కణాలైన ఫోటాన్లు చినుకులు. సగటున 10,000 ఫోటాన్లు పడే చోట హెచ్చుతగ్గు దాని వర్గమూలమంత, అంటే 100 ఉంటుంది. అది ఒక శాతమే కాబట్టి కంటికి ఆనదు. 100 ఫోటాన్లు పడే చోట హెచ్చుతగ్గు 10, అంటే పది శాతం. తొమ్మిదే పడే చోట హెచ్చుతగ్గు మూడు, అంటే మూడో వంతు. చీకటి భాగాల్లో కనిపించే గరుకుదనం, అంటే నాయిస్, చాలావరకు ఇదే. దీన్ని కెమెరా లోపమనుకోవడం పొరపాటు. కాంతి కణాలుగా రావడం వల్ల ప్రకృతే పెట్టిన హద్దు ఇది. ఎంత ఖరీదైన కెమెరా అయినా దీన్ని దాటలేదు. దీనికి తోడు ఎలక్ట్రాన్లను లెక్కపెట్టేటప్పుడు సెన్సర్ సర్క్యూట్ కలిపే చిన్న పొరపాటు ఒకటుంది. నేటి మంచి సెన్సర్లలో అది రెండు మూడు ఎలక్ట్రాన్ల స్థాయికి దిగింది. పదేళ్ల కిందట నలుపుగా వదిలేసిన భాగాలు ఈ రోజు పనికివస్తున్నాయంటే ముఖ్య కారణం ఆ మెరుగుదలే.

ఇప్పుడు షాడోస్ మీట చేసే పని చూద్దాం. అది చేసేది గుణకారం. తొమ్మిది ఫోటాన్ల పిక్సెల్‌ను 16 రెట్లు పెంచితే 144 అవుతుంది. దానిలోని మూడు ఫోటాన్ల హెచ్చుతగ్గు కూడా 16 రెట్లు పెరిగి 48 అవుతుంది. మునుపూ మూడో వంతే, ఇప్పుడూ మూడో వంతే. సమాచారం ఒక్క పిసరు కూడా పెరగలేదు. ఉన్న సమాచారం కంటికి అందే ఎత్తుకు వచ్చిందంతే. కుండలో ఉన్నదే గరిటెలోకి వస్తుంది.

ఐఎస్‌ఓ విషయంలోనూ ఇదే అపోహ ఉంది. షట్టర్ సమయాన్ని, లెన్స్ తెరుపును మార్చకుండా ఐఎస్‌ఓ ఒక్కటే పెంచితే కొత్తగా ఒక్క ఫోటాన్ కూడా రాదు. రాత్రి ఫొటో నాణ్యతను నిర్ణయించేది ఎంత కాంతి పోగైందన్నదే. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్స్. నిండు పున్నమి వెన్నెల పావు లక్స్‌కు అటూ ఇటూ. మధ్యలో తేడా దాదాపు నాలుగు లక్షల రెట్లు. ఆ అంతరాన్ని ఎడిటింగ్ యాప్‌లోని ఒక మీట పూడ్చేస్తుందనుకోవడం అత్యాశ.

ముడి ఫైలులో ఉండి, జేపెగ్‌లో లేనిది

కుండలో ఎంత ఉందన్నది ఫైలు రకాన్ని బట్టి కూడా మారుతుంది. మంచి కెమెరా ఇచ్చే 14 బిట్ల రా ఫైలు వెలుగును 16,384 మెట్లుగా నమోదు చేస్తుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు ఉండేవి 256 మెట్లే. పైగా జేపెగ్ బొమ్మను ఎనిమిది పిక్సెళ్ల పొడవు, ఎనిమిది పిక్సెళ్ల వెడల్పు ఉన్న గళ్లుగా విడగొట్టి, కన్ను పట్టించుకోదనుకున్న సన్నని తేడాలను తీసి పారేస్తుంది. అలా మొదట పోయేవాటిలో నీడల్లోని సన్నని వివరాలు ఉంటాయి. అందుకే జేపెగ్‌లో నీడలను బాగా పైకి లాగితే ఆకుల బదులు చదరపు మచ్చలు, పొరలు పొరలుగా రంగు చారలు తేలతాయి. వాట్సాప్‌లో నాలుగు చేతులు మారి వచ్చిన ఫొటోలో నీడలు తేల్చి నిజం కనిపెట్టాలనుకోవడం, పిండేసిన చెరకు పిప్పిలో రసం వెతకడం లాంటిది.

ఫిల్మ్ రోజుల్లోనూ సూత్రం ఇదే. అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి 1940 ప్రాంతంలో రూపొందించిన జోన్ సిస్టమ్ నీడలను చూసి ఎక్స్‌పోజర్ నిర్ణయించమంటుంది. నెగెటివ్‌లో నీడ చోట వెండి ఏర్పడకపోతే డార్క్‌రూమ్‌లో ఎంత కుస్తీ పట్టినా వివరం రాదు. డిజిటల్‌లో జాగ్రత్త తిరగబడింది. ఇక్కడ తెల్లగా మాడిపోయిన చోట ఏమీ మిగలదు. నీడలో ఎంతో కొంత మిగులుతుంది. కాబట్టి వెలుగు భాగాలు మాడకుండా ఉండేంతవరకు ఎక్కువ కాంతిని పోగుచేసి, నీడలను తర్వాత తేల్చుకోవడం మేలు.

ఎడిటింగ్ అంటేనే మోసమనేవారి వాదన నిలబడకపోవడానికి కారణం కూడా సెన్సర్‌లోనే ఉంది. కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ పేరు మీద 1976లో పేటెంట్ పొందిన వడపోత అమరికే నేటికీ చాలా కెమెరాల్లో ఉంది. దానిలో ఒక్కో పిక్సెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒక్క రంగునే కొలుస్తుంది. మిగిలిన రెండు రంగులనూ చుట్టుపక్కల పిక్సెళ్ల కొలతలను బట్టి అంచనా వేస్తారు. అంటే ఇలాంటి కెమెరాతో తీసిన రంగుల ఫొటోలో మూడింట రెండు వంతుల రంగు విలువలు మొదటినుంచీ అంచనాలే. 'చెయ్యి పెట్టని ఒరిజినల్' అని మనం అనుకునే జేపెగ్‌ను కూడా కెమెరా లోపల సాఫ్ట్‌వేర్ వండి వార్చింది. ఎడిటింగ్ చేశారా లేదా అని అడిగే బదులు, అంచనా దేని ఆధారంగా వేశారని అడగాలి.

పక్కింటి కొలత, పరాయి ఊరి జ్ఞాపకం

నీడల్లోని గరుకుదనాన్ని తగ్గించడానికి ఇప్పుడు మూడు దారులున్నాయి. ఒకటి, ఒకే దృశ్యాన్ని వెంటవెంటనే చాలాసార్లు తీసి సగటు కట్టడం. 16 ఫొటోలు కలిపితే హెచ్చుతగ్గు నాలుగో వంతుకు తగ్గుతుంది. 2018లో గూగుల్, 2019లో ఆపిల్ తమ ఫోన్లలో తెచ్చిన రాత్రి మోడ్‌లకు పునాది ఈ సూత్రమే. ఇక్కడ కలిసే ప్రతి ఫోటానూ ఆ దృశ్యంలోంచే వచ్చింది కాబట్టి ఇది నిజాయితీ ఉన్న పద్ధతి. దృశ్యంలో ఏదైనా కదిలితే చెదిరిపోవడమే దీని బలహీనత.

రెండో దారి, ఒకే ఫొటోలో పక్కపక్క పిక్సెళ్లను కలిపి సగటు కట్టడం. నాయిస్ తగ్గించే పాత సాఫ్ట్‌వేర్ చాలావరకు చేసేది ఇదే. గరుకు పోతుంది, దానితోపాటు సన్నని గీతలూ పోతాయి. అంచనాకు ఆధారం మాత్రం ఆ దృశ్యమే. పక్కింటి కొలతను బట్టి మన ఇంటి లెక్క వేసినట్టు.

మూడో దారి కృత్రిమ మేధ. 2018లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం, ఇంటెల్ పరిశోధకులు కలిసి చీకటిలో చూడటం నేర్పే ఒక న్యూరల్ నెట్‌వర్క్‌ను ప్రచురించారు. అతి తక్కువ సమయం తీసిన చీకటి ఫొటోను, అదే దృశ్యాన్ని 10 నుంచి 30 సెకన్లు తీసిన వెలుగు ఫొటోను జతలుగా చూపించి శిక్షణ ఇచ్చారు. 100 నుంచి 300 రెట్లు వెలుగు పెంచినా వచ్చిన ఫలితాలు ఆశ్చర్యపరిచాయి. అప్పటినుంచి ఈ దారిలో వచ్చిన పనిముట్లు ఫోన్లలోకి, ఎడిటింగ్ యాప్‌లలోకి చేరాయి. అయితే ఈ పద్ధతికి ఉన్న తెలివి వేరే ఫొటోలను చూసి నేర్చుకున్నది. కొలత బొత్తిగా లేని చోట అది పరాయి ఊరి జ్ఞాపకంతో మన ఊరి బొమ్మ గీస్తుంది. ఆకు ఉండాల్సిన చోట ఆకు లాంటిదాన్ని, ఈక ఉండాల్సిన చోట ఈక లాంటిదాన్ని పెడుతుంది. చాలాసార్లు ఆ ఊహ సరిగ్గానే ఉంటుంది. ఎప్పుడు తప్పిందో బొమ్మను చూసి చెప్పలేకపోవడమే చిక్కు. గరుకుగా ఉన్న నీడ తనకు తెలియదని ఒప్పుకుంటుంది. నున్నగా నింపిన నీడ ఆ మాట దాచేస్తుంది.

2023 మార్చిలో దీనికి ఒక ఉదాహరణ ప్రపంచమంతా చర్చకు వచ్చింది. కావాలని మసకబార్చిన చంద్రుడి బొమ్మను కంప్యూటర్ తెరమీద పెట్టి, దాన్ని ఒకరు శామ్‌సంగ్ ఫోన్‌తో తీశారు. తెరమీది బొమ్మలో లేని వివరాలు ఫోన్ ఫొటోలో వచ్చాయి. చంద్రుడిని గుర్తించి వివరాలు మెరుగుపరిచే కృత్రిమ మేధను వాడుతున్నామని కంపెనీ వివరణ ఇచ్చింది. చంద్రుడి విషయంలో నష్టమేమీ లేదు. ఆయన మొహం అందరికీ తెలిసిందే. ఎవరూ సరిగా చూడని జీవి విషయంలో ఇదే జరిగితే?

గుడ్లగూబ రంగు ఎవరిది?

ఈ ప్రశ్నకు అండమాన్ నికోబార్‌లో ఊహలతో పనిలేదు. గ్రేట్ నికోబార్ దీవిలోని క్యాంప్‌బెల్ బే ప్రాంతంలో 1966లో, 1977లో సేకరించిన రెండు చిన్న గుడ్లగూబల నమూనాలను పరిశీలించి, అవి కొత్త జాతి అని 1998లో పక్షిశాస్త్రవేత్త పమేలా రాస్ముసెన్ ప్రకటించారు. అదే నికోబార్ స్కాప్స్ గుడ్లగూబ. దాన్ని దగ్గరి జాతుల నుంచి వేరు చేయడానికి చూసే లక్షణాల్లో వెచ్చని గోధుమ రంగు ఛాయ, ఈకల మీద సన్నని అడ్డచారలు ఉన్నాయి. రాత్రి అడవిలో తీసిన ఫొటోలో నీడలను పైకి లాగినప్పుడు మొదట నమ్మకం తప్పేవి సరిగ్గా ఈ రెండే.

రంగు సంగతి చూడండి. తక్కువ వెలుగులో మూడు రంగుల కొలతలూ బలహీనంగా ఉంటాయి. వైట్ బ్యాలెన్స్ సరిచేయడానికి సాఫ్ట్‌వేర్ బలహీనమైన రంగును మరింత హెచ్చిస్తుంది. దానితోపాటు ఆ రంగులోని నాయిస్ కూడా హెచ్చుతుంది. నలుపుకు పెట్టిన సున్నా గుర్తులో ఏ కాస్త తేడా ఉన్నా, గుణకారం తర్వాత అది ఊదా ఛాయగానో ఆకుపచ్చ ఛాయగానో తేలుతుంది. ఇక సన్నని చారలను నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్ తుడిచేయనూ గలదు, లేనివాటిని గీయనూ గలదు. అలాంటి ఫొటోను ఈ-బర్డ్, ఐనాచురలిస్ట్ లాంటి వేదికల్లో పెడితే ఆ జాతి ఉనికికి అదొక నమోదు అవుతుంది. తర్వాత దాన్ని చూసేవారికి ఏది ఈక, ఏది లెక్క అన్నది తెలియదు.

ఇది తీరికగా మాట్లాడుకునే సంగతి కాదు. గ్రేట్ నికోబార్‌లో గలతియా బే దగ్గర ఓడరేవుతో కూడిన భారీ ప్రాజెక్టుకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. ఏ జీవి ఎక్కడ ఉంది, ఎంత ఉంది అన్న ప్రతి సమాచారానికీ అక్కడ విలువ పెరిగింది. ప్రాజెక్టు కావాలనేవారికీ వద్దనేవారికీ ఒకటే అవసరం: ప్రశ్నిస్తే నిలబడే ఆధారం. అతిగా తేల్చిన ఒక్క ఫొటో పట్టుబడితే దాని పక్కన ఉన్న పది నిజమైన ఫొటోల మీదా అనుమానం పడుతుంది.

ఫ్లాష్ వద్దంటే మీట కావాలి

ఇంతమాత్రాన నీడలు తేల్చడం మానేయాలని కాదు. ఈ దీవుల్లోనే దానికి బలమైన సమర్థన కూడా దొరుకుతుంది. మన దేశంలో లెదర్‌బ్యాక్ సముద్రపు తాబేళ్లు ప్రధానంగా గుడ్లు పెట్టేది అండమాన్ నికోబార్ తీరాల్లోనే. ఉత్తర అండమాన్‌లో డిగ్లిపూర్ దగ్గరి కాలిపూర్ తీరానికి నాలుగు జాతుల తాబేళ్లు వస్తాయి. ఇవి చీకటిలో ఒడ్డెక్కుతాయి. ఫ్లాష్ మెరిస్తే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లవచ్చు. పిల్లలు వెలుతురుగా కనిపించే దిక్కుకు నడుస్తాయి. సహజంగా అది సముద్రం వైపు. కృత్రిమ దీపం వెలిగితే దారి తప్పుతాయి.

అయినా వాటి ఫొటోలు శాస్త్రవేత్తలకు అవసరం. పచ్చ తాబేలు, హాక్స్‌బిల్ తాబేళ్ల మొహం మీది పొలుసుల అమరికను బట్టి, లెదర్‌బ్యాక్ తలమీది గులాబీ మచ్చను బట్టి ఒక్కొక్కదాన్ని విడిగా గుర్తుపట్టవచ్చు. అనుమతి ఉన్న పరిశోధకులు ఫ్లాష్ లేకుండా, మసక ఎరుపు వెలుగులో రా ఫైళ్లు తీసి, తర్వాత నీడలను తేల్చుకుంటే తాబేలుకు ఇబ్బంది తగ్గుతుంది, పని జరుగుతుంది. చాలిస్ ఏక్ గుహల చీకటిలో లాలాజలంతో గూళ్లు కట్టుకునే స్విఫ్ట్‌లెట్ పిట్టల విషయంలోనూ ఇదే మర్యాద వర్తిస్తుంది. సాకన్ శాస్త్రవేత్త రవి శంకరన్ అటవీ శాఖతో కలిసి మొదలుపెట్టిన సంరక్షణ ఈ పిట్టలకు ఆసరా అయింది. గుహలో ఫ్లాష్ మీద ఫ్లాష్ వెలిగించే సందర్శకుడి కంటే ఇంటికి వెళ్లి మీట జరుపుకునేవాడే వాటికి మంచి చుట్టం.

2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల వాసుల్లో సుమారు 13 శాతం తెలుగును మాతృభాషగా చెప్పారు. తీరంలో తాబేలును మొదట చూసేది శాస్త్రవేత్తలు కాదు, అక్కడ బతికేవారు. కాబట్టి ఈ మాట తెలుగులో చెప్పుకోవాల్సిన అవసరం ఉంది. ఆలివ్ రిడ్లీలు ఒడ్డెక్కే ఆంధ్రప్రదేశ్ తీరానికీ ఇదే వర్తిస్తుంది.

చీకటే వివరమైనప్పుడు

నీడ తేల్చడం సాంకేతికంగా సాధ్యమైనా అర్థం చెడే సందర్భాలున్నాయి. 1896–1906 మధ్య కట్టిన సెల్యులార్ జైలులో ఒక్కో గది సుమారు 4.5 మీటర్ల పొడవు, 2.7 మీటర్ల వెడల్పు. గాలీ వెలుతురూ రావడానికి మూడు మీటర్ల ఎత్తున ఒక చిన్న కిటికీ. లోపలినుంచి ఫొటో తీస్తే కిటికీ తెల్లగా మాడుతుంది, గోడలు నల్లబడతాయి. వేర్వేరు ఎక్స్‌పోజర్లలో తీసి కలిపితే రెండూ చక్కగా కనిపిస్తాయి. గోడల్లో పగుళ్లు, చెమ్మ ఎక్కడున్నాయో చూసే కట్టడ సంరక్షకులకు అలాంటి ఫొటోయే కావాలి. కానీ ఆ గది ఎలా ఉండేదో సందర్శకులకు చెప్పడానికి అదే ఫొటో వాడితే, ఏకాంత ఖైదు గది కాస్తా గాలీ వెలుతురూ వచ్చే అద్దె గదిలా కనిపిస్తుంది. అక్కడ చీకటి ఫొటో లోపం కాదు. చరిత్రలో ఒక భాగం. దాన్ని తుడిచేస్తే వివరం పెరగదు, తగ్గుతుంది.

స్వరాజ్ ద్వీప్‌లో, అంటే పాత హేవ్‌లాక్‌లో, అమావాస్య రాత్రుల్లో నీళ్లు మెరిసే దృశ్యం దీనికి మరో ఉదాహరణ. నీటిలోని డైనోఫ్లాజెలేట్లనే సూక్ష్మజీవులు కదలిక తగిలితే నీలి వెలుగు చిమ్ముతాయి. ఒక్కో మెరుపు సెకనులో పదో వంతు కాలమే. కెమెరా షట్టర్‌ను 15 సెకన్లు తెరిచి ఉంచితే ఆ కాలంలో మెరిసినవన్నీ ఒకే బొమ్మలో పోగవుతాయి. తీరమంతా నీలి మంటలా కనిపించే ఆ క్షణం ఎప్పుడూ లేదు. కంటి తీరు వేరు. మసక వెలుగులో పనిచేసే రాడ్ కణాలకు రంగులు తెలియవు. చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి వాటికి అరగంట దాకా పడుతుంది. అందుకే నీళ్లలో చెయ్యి ఆడించినవారికి తరచూ లేత తెల్లని మిణుకులే కనిపిస్తాయి. ఇక్కడ కెమెరా అబద్ధం చెప్పలేదు. రంగు విషయంలో దానిదే సరైన సాక్ష్యం. పర్యాటక ప్రకటనల్లో షట్టర్ ఎంతసేపు తెరిచారో చెప్పకుండా, వెనకాల చెట్ల నీడలు కూడా తేల్చి పట్టపగల్లా చూపించడమే తప్పుదారి పట్టిస్తుంది. డబ్బు కట్టి వెళ్లినవారు నిజమైన అద్భుతాన్ని చూసి కూడా నిరాశతో తిరిగి వస్తారు.

లెక్క చెప్పే అలవాటు

పరిష్కారం కష్టమైనదేమీ కాదు. తీసేటప్పుడు ఫోన్‌ను బండమీదో గోడమీదో ఆనించాలి. రా సదుపాయం ఉంటే వాడాలి. జూమ్ చేయకుండా, ఒకే దృశ్యాన్ని వరసగా కొన్నిసార్లు తీయాలి. ఎడిట్ చేసేటప్పుడు ముందు మొత్తం ఎక్స్‌పోజర్‌ను సరిచేసి, ఆ తర్వాతే షాడోస్ జోలికి వెళ్లాలి. పెంచిన బొమ్మను పూర్తి పరిమాణంలో చూస్తూ, వివరం కంటే గరుకుదనం ఎక్కువగా పెరుగుతున్న చోట ఆగాలి. నిజంగా ఏమీ నమోదు కాని చోటును నల్లగానే వదలాలి. మూల ఫైలును ఎప్పుడూ చెరపకూడదు. మార్పులన్నీ నకలు మీదే.

ఫొటో ఆల్బమ్‌కో గోడకో అయితే ఇంతకు మించి ఎవరూ అడగక్కర్లేదు. దేనికైనా ఆధారంగా నిలిచే ఫొటోకు మాత్రం ఒక వాక్యం అదనంగా ఉండాలి: షట్టర్ ఎంతసేపు తెరిచారు, ఎన్ని ఫ్రేములు కలిపారు, నీడలను ఎంత పెంచారు, కృత్రిమ మేధను వాడారా. పౌర విజ్ఞాన వేదికలు, అటవీ శాఖలు, ఫొటో పోటీల నిర్వాహకులు ఈ వాక్యాన్ని దరఖాస్తులోనే ఒక గడిగా చేర్చవచ్చు. జాతుల నమోదుకు వచ్చే ఫొటోల్లో కృత్రిమ మేధతో నింపిన వివరాన్ని ఆధారంగా తీసుకోకూడదు. మూల ఫైలు లేకపోతే ఆ నమోదును సందేహాస్పదంగానే ఉంచాలి.

ఇది కొత్త కోరిక కాదు. వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీ మూల ఫైళ్లను తెప్పించుకుని పోల్చి చూస్తుంది. 2015లో తుది దశకు ముందు నిలిచిన ఫొటోల్లో ఐదో వంతును ఆ పరిశీలనలో తోసిపుచ్చారు. మన దేశంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ఎలక్ట్రానిక్ రికార్డుతో ఇచ్చే ధ్రువపత్రంలో ఆ ఫైలు హాష్ విలువను రాయమంటుంది. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ విలువ మారిపోతుంది. పత్రికా పోటీ, న్యాయస్థానం అడుగుతున్న జాగ్రత్తను విజ్ఞానశాస్త్రం అడగడంలో తప్పు లేదు. అసలు ముందే అడగాల్సింది.

ఇంత తతంగం పెడితే సామాన్యులు ఫొటోలు పంపడం మానేస్తారన్న అభ్యంతరం రావచ్చు. అందులో కొంత నిజముంది. అందుకే నిబంధన ఫొటోను తిరస్కరించేదిగా ఉండకూడదు, దానికి తగిన బరువు ఇచ్చేదిగా ఉండాలి. లెక్క చెప్పిన గరుకు ఫొటోకు, లెక్క చెప్పని నున్నటి ఫొటో కంటే ఎక్కువ మార్కులు పడాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. నున్నగా ఉన్నదానికే లైకులు, పంచుకోవడాలు, బహుమతులు.

ప్రయోగశాలలో ఏ కొలతనూ దాని పొరపాటు హద్దు చెప్పకుండా రాయరు. ఫొటో కూడా ఒక కొలతే. కోట్ల గిన్నెల్లో పడిన చినుకుల లెక్క. నీడలో మిగిలిన గరుకుదనమే దాని పొరపాటు హద్దు. గ్రేట్ నికోబార్ అడవిలో రేపెవరైనా ఒక గుడ్లగూబను ఫోన్‌లో పట్టుకుంటే, ఆ బొమ్మ అందంగా ఉండాల్సిన పనిలేదు. చారలు కనిపించిన చోట చారలు, కనిపించని చోట నలుపు ఉంటే చాలు.